మా ఎంపీ సారుకు 'చ' నేర్పించిన వైనం

ఇప్పటి పిల్లలకు ఒక సుఖముండాది. ఏ నాయకుడి చరిత్ర కావాలన్నా ఫోను తీసి వేలితో గీకితే చాలు. ఎన్నిసార్లు నిలబడినాడు, ఎన్నిసార్లు గెలిచినాడు, ఎవరి మీద, ఎన్ని ఓట్ల తేడాతో, పార్లమెంటులో ఎన్ని ప్రశ్నలడిగినాడు, అన్నీ వరసగా వచ్చి పడతాయి. మొన్న నేను కూడా మా పాత ఎంపీ సారు పేజీ తీసి చూసుకున్నాను. రాసిందంతా సరిగ్గానే ఉండాది. కానీ ఒక ఎన్నికకూ ఇంకో ఎన్నికకూ మధ్యలో పార్టీ టికెట్టు అనే గండం ఒకటుంటుంది. దాని సంగతి ఏ పేజీలోనూ ఉండదు. మా సారు ఒకసారి ఆ గండం ముందర ఎట్లా నిలబడినాడో తెలిసినవాళ్లం ముగ్గురమే. ఒకణ్ణి నేను. రెండో ఆయనకు తెలిసిందంతా తప్పు. మూడో ఆయన మా సారే. ఆయనకు అసలేమీ తెలీదు.

పేర్లు చెప్పను. ఊర్లో ఇంకా నలుగురు నన్ను చూసి నవ్వి పలకరిస్తా ఉండారు, వాళ్లను పోగొట్టుకోలేను.

నేనెవరంటే, ఎంపీ గారి ముఖ్య సలహాదారుణ్ణి. ఢిల్లీలో ఏ బిల్లుకు చెయ్యెత్తాలన్నా సారు ముందు నా మొహం చూసేవాడు.

సరే, అది కొంచెం ఎక్కువైంది. నేను ఢిల్లీ చూసింది ఒక్కసారి. సారు సూట్‌కేసు మర్చిపోతే ఇచ్చి రావడానికి పోయినాను. నిజానికి తిరుపతి ఆఫీసులో నేను పీఏకు పీఏని. కొండ మీద దర్శనానికి సిఫారసు లెటర్లు టైపు చేయడం నా పని. నవ్వొద్దు. మా పక్క ఎంపీ అంటే చట్టాలు చేసేవాడని ఎవరూ అనుకోరు, దర్శనానికి లెటరిచ్చేవాడనే అనుకుంటారు. పార్లమెంటు జరిగేటప్పుడు సారు ఢిల్లీలో ఉంటే ఆఫీసుకొచ్చినవాళ్లు నా మీద అరిచేవాళ్లు, "ఏమప్పా, పని వదిలిపెట్టి ఢిల్లీలో ఏం తిరగతాండాడు మీ ఎంపీ?" అని.

ఆ కొలువుకు రాకముందు బస్టాండులో మైకు మనిషిని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో పిలిచేవాణ్ణి. నా గొంతు విని మైమరచి జనం బస్సులు వదిలేసుకునేవాళ్లు. వదిలేసుకున్నది మాత్రం నిజం. ఆ మైకులో ఏమంటున్నానో వాళ్లకు వినబడక. అయినా నాకొక విద్య ఉండేది, అది మాత్రం కల్పన కాదు. మా చిత్తూరు పక్క 'చ'ను 'స' చేసేస్తాం. చూడు అనేది సూడు, చెప్పు అనేది సెప్పు, చెట్టు అనేది సెట్టు. ఇంట్లో నేనూ అంతే. కానీ ఆ మైకు ముందర 'చ' లేకపోతే బతుకు లేదు. పొద్దుగూకులూ పిలవాల్సింది చిత్తూరు, చంద్రగిరి, చెన్నై. అందుకని నా 'చ' పచ్చిమిరపకాయ కొరికినట్టు టక్కున పలికేది. సారు నన్ను ఆఫీసులో పెట్టుకున్నదే సభల్లో మైకు టెస్టింగుకు పనికొస్తానని.

సారు మామిడి తోటల రైతు. భారీ మనిషి, ఆ ఒళ్లులో ఎక్కడా కోపం దాచుకోడానికి చోటుండదు. మొదటిసారి నిలబడినప్పుడు ఓడిపోయినాడు, డిపాజిట్టు కూడా పోయింది. ఆయన పరిచయం రాయమంటే నేను 'ప్రజల కోసం డిపాజిట్టును సైతం త్యాగం చేసిన నాయకుడు' అని రాసినాను. సారు చదివి, "ఇది శానా బాగుండాది ప్పా. ఎవురికీ సూపించొద్దు" అన్నాడు. రెండోసారి గెలిచినాడు. పార్లమెంటులో లేచి నిలబడి, రేణిగుంటలో రైళ్లు ఇంకొంచెం సేపు ఆపమని అడిగినాడు. ఆపలేదు. అడిగినాడు కదా.

ఆ పదవీకాలం ముగిసే రోజుల్లో టీవీ అమ్మాయి ఒకతి మైకు పెట్టి, "మీరేం చేశారు సార్ ఇన్నాళ్లూ?" అనడిగింది. సారు మీసం దువ్వుకుని గంభీరంగా జవాబిచ్చినాడు. "సేసినాము. ఇంకా సేస్తాము. ఏం సేసినామో సెప్తే మీరే సూస్తారు."

ఏ పుణ్యాత్ముడో దాన్ని కత్తిరించి, వెనక డప్పు తగిలించి ఫోన్లలోకి వదిలినాడు. సేసినాము, సేస్తాము, సెప్తే, సూస్తారు, డండణక. పెండ్లి ఊరేగింపుల్లో అదే. టీ అంగళ్లలో అదే. పార్టీ పెద్దలు కూడా చూసి పొట్ట పట్టుకుని నవ్వినారని కబురొచ్చింది. వాళ్లు నవ్వితే పరవాలేదు, నవ్విన తర్వాత ఆలోచించినారు. అప్పటికే తిరుపతిలో హోటళ్లున్న ఆసామి ఒకాయన టికెట్టు నాకు కావాలని తిరుగుతా ఉండాడు. ఆయన 'చ'ను 'చ'లాగా, 'స'ను 'స'లాగా పలికేవాడు. 'శ' కూడా పలికేవాడు! అట్లాంటోడితో ఎవరు పోటీ పడగలరు?

చివరికి తేల్చిందేమంటే, పార్టీ నుంచి ఒక పరిశీలకుడు వస్తాడు. చంద్రగిరిలో కార్యకర్తల సభ పెట్టాల. మన ఎంపీ జనం ముందర మాట్లాడగలడా, జనం కూర్చుని వింటారా అని చూసి పైకి చెప్తాడు. దాన్ని బట్టి టికెట్టు.

సారు నన్ను లోపలికి పిలిచి తలుపేసినాడు.

"సూడప్పా, సీటు పోతే పోనీ. తోట ఉండాది, మామిడి సెట్లుండాయి. కానీ సదువు రానోడని ఎల్లగొడితే ఇంట్లో తలెత్తుకోలేను. నా మనవరాలు, ఇంకా బడికి గూడా పోని బిడ్డ, నా ముందరే సిందులేస్తా ఆ పాట పాడతాండాది. సేసినాము సేస్తాము అని. మళ్లా, 'తాతా, నువ్వు గూడా ఆడు' అంటాండాది."

"ఆడినారా సార్?"

"ఆడినా ప్పా. బిడ్డ అడిగితే ఆడకుండా ఎట్ల?" అని కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "నాకు ఆ అచ్చరం నేర్పించు" అన్నాడు.

అప్పుడు నేను ఉచ్చారణ శాస్త్రం మీద నాకున్న అపారమైన పాండిత్యంతో ఒక పద్ధతి తయారుచేసినాను. అంటే, బస్టాండులో అరిచిందే అరిపించినాను. సారు ఏ ఊరికి పోయినా పోయే దారంతా కారులో ఒకటే పాట. నేను "చిత్తూరు" అంటే సారు "సిత్తూరు". నేను "చంద్రగిరి" అంటే సారు "సంద్రగిరి". డ్రైవరు మొదట్లో నవ్వినాడు. తర్వాత్తర్వాత బండి నడపతా వాడు కూడా "చెన్నై, చెన్నై" అనుకోవడం మొదలుపెట్టినాడు. ఒకరోజు దారి మర్చిపోయి చెన్నై రోడ్డు పట్టినాడు కూడా.

"నాలిక పైకి అంటించి వదలండి సార్. పాము బుస్సుమన్నట్టు కాదు, బల్లి పలికినట్టు."

"బల్లి మాదిరి పలికితే ఓట్లేస్తారా ప్పా?"

"శకునం మంచిదైతే వేస్తారు సార్."

సారు పట్టు పడితే విడిచే మనిషి కాదు. వారం తిరిగేసరికి "చిత్తూరు" అన్నాడు. ఎంత చక్కగా అన్నాడంటే, నేను కారు ఆపించి కిందికి దిగి కండ్లు తుడుచుకున్నాను. కారు ఆపింది డీజిలు కోసమే అనుకోండి. అయినా సంతోషం సంతోషమే. చూడు, చెప్పు, చెయ్యి, చెట్టు, అన్నీ వచ్చేసినాయి. నన్ను ఇంటికి భోజనానికి పిలిచినాడు.

ఆ భోజనంలో తెలిసింది నాకు, ఏం జరిగిపోయిందో.

ఆకుల ముందర కూర్చున్నాం. సారు తన భార్య, మా అమ్మగారి వైపు తిరిగి, "చొరకాయ కూర బాగుండాది. ఇంకొంచెం చాంబారు ఎయ్యి" అన్నాడు.

అమ్మగారు గరిటె పట్టుకుని అట్నే నిలబడిపోయింది. "ఏమైందయ్యా నీకు? జొరమొచ్చిందా?"

"జొరమేంది? చాంబారు అడిగితే జొరమా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఏం నేర్పించినావప్పా ఈయనకు? బాగుండే మనిసిని పాడు సేసినావు కదా!"

ఒకరికి 'స' పోయింది, ఒకరికి 'చ' లేదు, మధ్యలో నేను అన్నం కలుపుకుంటా ఉండాను. సారు నోట్లో ఇప్పుడు 'స' అనేదే లేదు. కష్టపడి నేర్చుకున్న కొత్త అక్షరాన్ని దొరికినచోటల్లా పెట్టేస్తా ఉండాడు. సభ ఎల్లుండి.

"సార్, 'చ' బ్రహ్మాండంగా వచ్చేసింది. ఇంక 'స'ను మాత్రం దాని దారిన దాన్ని వదిలేయండి."

"వదిలేచినా కదప్పా."

"ఏదీ, సూర్యుడు అనండి."

"చూర్యుడు."

"చూర్యుడు కాదు సార్, సూర్యుడు."

"నేనేమన్నా? చూర్యుడనే కదా అంటాండేది! నీకేమన్నా చెవుడొచ్చిందా?"

ఆయన చెవికి ఆయన సరిగ్గానే వినబడతాండాడు. ఆ రోజు, మర్నాడు, నేను చేయని ప్రయత్నం లేదు. ఉపన్యాసంలో 'స' లేని మాటలే ఏరి పెట్టాలని చూసినాను. 'సభ' తీసేస్తే 'సోదరులు' వచ్చి కూర్చుంటారు. సోదరుల్ని పంపించేస్తే 'సేవ' వస్తుంది. మూడిటినీ తీసేస్తే రాజకీయ ఉపన్యాసంలో 'నమస్కారం' మిగులుతుంది. దాంట్లోనూ 'స' ఉండాది. చాలించుకున్నాను.

సభ చంద్రగిరిలో ఒక కల్యాణ మండపంలో. పరిశీలకుడు గోదావరి వైపు మనిషి, తెల్ల చొక్కా, మెత్తటి మాట, ప్రతి మాట చివరా 'అండీ'. వేదిక మీద ఆయన, ఆయన పక్కనే నేను. పక్కన అంటే, వెనక. కుర్చీ వెనక నీళ్ల సీసాలు పట్టుకుని గొంతుకూర్చోనుండాను. హోటళ్ల ఆసామి మూడో వరసలో కాలు మీద కాలేసుకుని, ఫోను ఎత్తిపట్టుకుని సిద్ధంగా ఉండాడు, సారు నోట్లోనుంచి ఒక్క 'సేస్తాము' రాలితే పట్టుకుందామని.

ఇక్కడ ఏం జరిగిందో నేను చాలా చోట్ల చెప్పినాను. సారు రెండు మాటలు మాట్లాడి, జనం నవ్వగానే ఆగి, చేతిలో కాగితం చించి పారేసి, "నేను సిత్తూరోణ్ణి! నా బాస ఇంతే! నచ్చితే ఓటెయ్యండి!" అని గర్జిస్తే, మండపం దద్దరిల్లిపోయిందని. విన్నవాళ్లు కండ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. ఒకాయన నాకు కాఫీ కూడా ఇప్పించినాడు. అదంతా ఉత్తది. కాగితమే లేదు, చించడానికి. జరిగింది ఇది.

సారు మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "చభకు విచ్చేచిన చోదర చోదరీమణులకు నమచ్కారం."

వెనక వరసలవాళ్లు చెవులు రిక్కించినారు.

"ఇన్నేండ్లుగా ప్రజాచేవలో ఉండాను. నేను చాయం చెయ్యని ఊరు లేదు. మన అధినేత చారు ఆదేశిచ్తే ఢిల్లీకి పోయినాను. కలెక్టరు చారుతో కొట్లాడి చంద్రగిరికి నీళ్లు తెచ్చినాను. మీ అందరి అభిమానం చంపాదించినాను!"

ముందు వరసలో పంచె కట్టుకున్న ముసలాయన ఒకడు లేచినాడు. చేయి అడ్డం పెట్టుకుని, పాపం ఎంతో ప్రేమగా అడిగినాడు. "ఏమప్పా ఎంపీ, పండ్లు కట్టించుకున్యావా?"

అంతే. మండపమంతా ఆ మాట పాకిపోయింది. కట్టుడు పండ్లంట. పై వరస కట్టించుకున్యాడంట. "పాపం, మా మామకు గూడా ఇట్లే, ఆరునెల్లు పట్టె సర్దుకునేదానికి" అని ఒకామె. "అతుకు సరిగా పడలేదు రో" అని ఇంకొకడు. నవ్వినారు, కానీ ఎగతాళి నవ్వు కాదది, ఇంట్లో పెద్దాయన అన్నం తింటా పొలమారితే నవ్వే నవ్వు. తర్వాతి మాట ఎట్లా పడుతుందో చూద్దామని అందరూ కుర్చీల్లో ముందుకు జరిగినారు. బయట బిర్యానీ పొట్లాలు వచ్చినాయని అరిచినా ఒక్కడూ లేవలేదు. నేను ఇన్ని సభలు చూసినాను, బిర్యానీకి లేవని జనాన్ని అదే చూడటం. హోటళ్ల ఆసామి ఫోను దించేసినాడు. ఆయన పట్టుకుందామని వచ్చిన 'స' ఎక్కడా దొరకలేదు.

పరిశీలకుడు మెల్లగా వెనక్కి వంగి నన్నడిగినాడు. "ఏవండీ, మీ ఎంపీగారు అధినేత చారు, కలెక్టరు చారు అంటున్నారేంటండీ?"

అప్పుడు నా బుర్ర మెరుపులా పనిచేసింది. కాదు, బుర్ర ఏమీ చేయలేదు. నోరే దాని పాటికది పలికేసింది.

"అది మా సీమ మర్యాదండీ. సారు అనేది ఆఫీసు మాట. మనసుకు దగ్గరైన పెద్దోళ్లను చారు అంటాం. ఎంత పెద్దోడైనా మా అన్నంలో కలిసిపోయినాడని."

ఆయన మొహం విచ్చుకుంది. "ఆహా! ఎంత బావుందండీ! మరి ప్రజాచేవ?"

"చేవ అంటే బలం కదండీ. ఒట్టి సేవ ఎవరైనా చేస్తారు. మా ఎంపీ ప్రజలకు చేవ తెచ్చిపెడతాడు."

"భలే. మరి అభిమానాన్ని చంపాదించడం?"

నీళ్ల సీసా మూత తిప్పి మళ్లా బిగించినాను. "అదండీ... అభిమానం కోసం ఇంకొంచెం ఉంటే చంపేవరకూ పోతామండీ. ఇది సీమ కదండీ."

ఆయన కొంచెం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

తర్వాత ఆయన వంతు. సారు అప్పటికే వేదిక దిగిపోయినాడు. దిగగానే దర్శనం లెటర్ల కోసం చుట్టుకున్నారు జనం. "ఎప్పటికి కావాల? ఎంతమంది?" అని అడుగుతా ఆయన మండపం బయటికే వెళ్లిపోయినాడు. పరిశీలకుడి ఉపన్యాసం ఒక్క ముక్క కూడా వినలేదు. మీరు మాత్రం వినండి.

"చంద్రగిరి ప్రజలకు నమస్కారమండీ! మీ ఎంపీ చారుకు, వేదిక మీదున్న చార్లందరికీ, ఎదురుగా కూర్చున్న మహిళా చార్లకు కూడా నా హృదయపూర్వక అభినందనలు!"

పంచె ముసలాయన మళ్లీ లేచినాడు. "ఈయప్ప గూడా కట్టించుకున్యాడు రో! ఇద్దురూ ఒకే డాక్టరు కాడికి పోయినట్టుండారు!"

ఈలలు, చప్పట్లు. ఒకాయన కుర్చీ ఎక్కి టవలు తిప్పినాడు. పరిశీలకుడు పొంగిపోయినాడు. ఎక్కడో గోదావరి నుంచొచ్చి ఒక్క మాట నేర్చుకుంటే సీమ జనం ఇట్లా గుండెలకు హత్తుకున్నారని ఆయనకు కండ్లు చెమర్చినాయి. ఇంక ఆపితే ఒట్టు. ప్రతి వాక్యంలో ఒక చారు పోసినాడు. పోసేకొద్దీ ఈలలు. ఆయన దిగి కారెక్కేటప్పుడు కూడా జనం వెంటపడి, "చారూ! చారూ!" అని చెయ్యూపినారు.

సారు లెటర్ల గుంపులోనుంచి బయటపడి నా దగ్గరికొచ్చినాడు. నుదురంతా చెమట. "ఎట్లుండె ప్పా నా చ్పీచు?"

"ఇట్లాంటిది ఇంతవరకూ ఎవరూ వినలేదు సార్" అన్నాను. నా జీవితంలో ఇంత అచ్చమైన నిజం ఇంకోసారి చెప్పలేదు.

అప్పటినుంచీ ఎదురుచూపులు. హోటళ్ల ఆసామి ఇంటి ముందర టపాకాయల పెట్టెలు దిగినాయని డ్రైవరు చూసొచ్చి చెప్పినాడు. సారు ఆఫీసుకు రావడం మానేసి తోటలోనే కూర్చునేవాడు. నేను పోయి పలకరిస్తే, "చీటు పోతే పోనీలే ప్పా. ఆ పరిశీలకుడు నా మాటకు నవ్వలేదు కదా?" అని అదే అడిగేవాడు. "లేదు సార్, తలూపినాడు" అనేవాణ్ణి. సరేనని మామిడి పిందెల వైపు చూస్తా కూర్చునేవాడు. నాకు ఆ నాలుగు రోజులూ అన్నం సయించలేదు. నా కొలువు పోతుందని కాదు. సరే, నా కొలువు పోతుందనే. కానీ ఆ పిందెల వైపు చూసే మొహం కూడా గుర్తొచ్చేది.

ఒక మధ్యాహ్నం, అందరం తోటలోనే ఉన్నప్పుడు, ఫోను మోగింది. సారు వేలు తప్పి స్పీకరు మీద పడింది.

"చారూ! శుభాకాంక్షలు చారూ! టికెట్టు మీకే చారూ! ఆ జనాన్ని చూశాక ఇంకెవరికిస్తామండీ? బిర్యానీకి కూడా లేవలేదని చెప్పాను చారూ పైవాళ్లకి!"

అమ్మగారు లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. డ్రైవరు నన్నెత్తుకుని తిప్పినాడు, ఇద్దరం కిందపడినాం. మనవరాలు పాట మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎన్నికలో సారు గెలిచినాడు కూడా. మెజారిటీ ఎంతని నన్నడగొద్దు, నేను ఎక్కువ చెప్తాను. ఫోన్లో చూసుకోండి.

ఆ సందడిలో సారు మాత్రం నవ్వలేదు. ఫోను జేబులో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయినాడు. ఎవరూ వినడం లేదని అటూ ఇటూ చూసుకుని, చాలా దిగులుగా చెప్పినాడు.

"గమనించినావా ప్పా? పాపం, ఆయప్పకు నోరు తిరగదు. చారు అనేదానికి చారు అంటాడు."

నేను చొక్కాకంటిన మట్టి దులుపుకున్నాను.

"అంత పెద్ద పదవిలో ఉండాడు. జనం నవ్వరా? ఆయప్పకు ఇంట్లో మనవళ్లు గూడా ఉంటారు. నువ్వు ఒకచారి గోదావరికి పోయి, నాలుగు దినాలుండి రా ప్పా. నాకు నేర్పించినట్టే నేర్పించు."